దగ్గు లేని జబ్బు... దాచుకునే గడ్డ

మన దేశంలో క్షయను 2025 కల్లా లేకుండా చేస్తామని 2018 మార్చిలో ప్రధానమంత్రి ఢిల్లీలో ప్రకటించారు. ప్రపంచ దేశాలన్నీ కలిసి పెట్టుకున్న గడువు 2030. మనం ఐదేళ్ళు ముందే ఆ పని పూర్తి చేస్తామన్నారు. ఆ 2025 వచ్చింది. జబ్బు మాత్రం పోలేదు. తగ్గిన మాట నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాల ప్రకారం 2015లో మన దేశంలో ప్రతి లక్షమందికీ 237 మంది కొత్తగా క్షయ బారిన పడ్డారు. 2024 నాటికి ఆ సంఖ్య 187కి దిగింది. అయినా ప్రపంచంలో క్షయ వచ్చేవాళ్ళని లెక్కేస్తే నలుగురిలో ఒకరు మనవాళ్ళే!

గడువెందుకు తప్పిందని కొందరు, ఇంత తగ్గడం గొప్ప కాదా అని కొందరు వాదించుకున్నారు. ఆ వాదనల్లో నాకు పెద్దగా వినిపించని మాట ఒకటుంది. అది మన మెడకి సంబంధించింది. అవును, గొలుసులూ నల్లపూసలూ వేసుకునే ఈ మెడే.

క్షయ అనగానే మనకేం గుర్తొస్తుంది? పాత సినిమాల్లో హీరో జేబురుమాలు అడ్డం పెట్టుకుని దగ్గడం, ఆ రుమాలు మీద ఎర్రటి మరక. గోడల మీది నినాదాలూ, రేడియో ప్రకటనలూ ఎక్కువగా అడిగేది కూడా అదే. రెండు వారాలకి మించి దగ్గు ఉందా? అయితే కఫం పరీక్ష చేయించుకోండి. మంచి మాటే. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది ఊపిరితిత్తుల క్షయ కాబట్టి ముందు దాన్నే వెతకడంలో తప్పు లేదు. కానీ మన దేశంలో నమోదయ్యే క్షయ కేసుల్లో దాదాపు నాలుగోవంతు ఊపిరితిత్తులకి బయట వచ్చేవి. వాటిలో తరచుగా కనిపించేది మెడలోని గ్రంథులకు వచ్చే క్షయ. ఊపిరితిత్తుల క్షయ మగవాళ్ళలో ఎక్కువైతే, ఈ మెడ గ్రంథుల క్షయ ఆడవాళ్ళలో ఎక్కువ. అందులోనూ వయసులో ఉన్న ఆడపిల్లల్లో.

దీనికి దగ్గుండదు. కఫముండదు. చాలామందికి జ్వరం కూడా తగలదు. చెవి కిందో, దవడ కిందో, మెడ పక్కనో నొప్పి లేని బిళ్ళ ఒకటి లేస్తుంది. కొన్నాళ్ళకి దాని పక్కన ఇంకొకటి. పూర్వం మన వైద్యులు ఇలాంటి వాటిని గండమాల అనేవారు. మాల గుచ్చినట్టు వరసగా వస్తాయని ఆ పేరు.

2024 డిసెంబరు 7న దేశంలోని 347 జిల్లాల్లో వంద రోజుల క్షయ కార్యక్రమం మొదలైంది. చేత్తో మోసుకెళ్ళే ఎక్స్‌రే యంత్రాలతో ఊళ్ళలోకి వెళ్ళి, ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళకి దగ్గు లేకపోయినా ఛాతీ ఫొటో తీశారు. దగ్గు లేకుండా కూడా జబ్బు లోపల దాగి ఉంటుందని ఒప్పుకోవడం ఒక ముందడుగే. అయితే ఛాతీ ఫొటోలో మెడ మీది బిళ్ళ పడదు కదా! ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని చెబితే, మెడలో బిళ్ళ ఉన్నామె "అమ్మయ్య, నాకేం లేదు" అనుకుని ఇంకో ఆరు నెలలు ఊరుకుంటుంది. మెడ మీద చెయ్యి వేసి చూడడానికి యంత్రం అక్కర్లేదు. కరెంటూ అక్కర్లేదు. "ఇక్కడేమైనా గడ్డ లాంటిది తగులుతోందా అమ్మా?" అనే ఒక్క ప్రశ్న, అర నిమిషం సమయం చాలు. ఆ ప్రశ్న అడగని చోట అడిగించుకోవాల్సింది మనమే.

పెళ్ళయ్యాక చూపిద్దాంలే!

అడగకపోవడం ఒక ఎత్తు. మనం చెప్పకపోవడం ఇంకో ఎత్తు.

మా కాలనీలో ఒకావిడ కూతురు డిగ్రీ పూర్తిచేసి ఇంట్లో ఉంది. సంబంధాలు చూస్తున్నారు. రోహిణి కార్తె ఎండల్లో కూడా ఆ పిల్ల చున్నీ మెడచుట్టూ చుట్టుకుని తిరిగేది. ఫ్యాషనేమో అనుకున్నాం. తీరా చూస్తే దవడ కింద రేగిపండంత బిళ్ళ. డాక్టర్‌కి చూపించమని చెబితే ఆ తల్లి గొంతు తగ్గించి, "ఇప్పుడు ఆస్పత్రుల చుట్టూ తిరిగితే నలుగురి కళ్ళల్లో పడతాం వదినా. పిల్లకేదో ఉందట అంటారు. పెళ్ళయ్యాక చూపిద్దాంలే" అంది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేశారు. ఎవరో చెబితే ఆకుపసరు కట్టారు. ఎనిమిది నెలలకి ఆ బిళ్ళ మెత్తబడి, పైన చర్మం ఎర్రబడి, పగిలి చీము కారడం మొదలైంది. అప్పుడు పరుగెత్తారు. క్షయ అని తేలింది. ఆరు నెలలు మందులు వాడింది. పూర్తిగా తగ్గింది. ఇప్పుడు చక్కగా ఉద్యోగం చేసుకుంటోంది.

మెడ మీద మచ్చ మాత్రం మిగిలిపోయింది. మొదట్లోనే మందులు మొదలుపెట్టిన వాళ్ళలో చాలామందికి కోతా ఉండదు, మచ్చా ఉండదు. మచ్చ పడుతుందన్న భయంతో దాచారు. దాచడం వల్లే మచ్చ పడింది.

ఆ తల్లిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. అమ్మాయి పళ్ళవరస దగ్గర నుంచి పాదాల దాకా లెక్కలు చూసే పెళ్ళిచూపులు మనవి. అదే అబ్బాయి మెడ మీద బిళ్ళ లేస్తే మర్నాడే "పదరా డాక్టర్ దగ్గరికి" అంటాం. ఎవరైనా చూస్తారన్న ఆలోచనే రాదు.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. పెళ్ళయ్యాక చూపించడం నిజంగా తేలికా? పుట్టింట్లో అమ్మకి చెప్పుకోలేనిది, కొత్తకోడలు అత్తగారికి ఏ ముఖం పెట్టుకుని చెబుతుంది? ఆస్పత్రికెళ్ళడానికి డబ్బెవర్ని అడుగుతుంది? చెప్పిన రోజున "రోగం దాచి పెళ్ళి చేశారు" అన్న మాట పడేది ఎవరు? ఆరు నెలల మందుతో పోయే జబ్బుని జీవితాంతం దెప్పిపొడిచే మాటగా మార్చేది ఆ వాయిదాయే. పెళ్ళి కోసం వైద్యం ఆపడం కాదు, వైద్యం పూర్తయ్యేదాకా పెళ్ళి ఆపినా కొంప మునగదు. ఆరు నెలలంటే రెండు మూఢాలు దాటినంత!

పెళ్ళయి పిల్లలున్న వాళ్ళ సంగతి ఇంకో రకం. జడ వేసుకుంటుంటే చేతికి తగులుతుంది. "పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దాం", "ఆయనకి సెలవు దొరికినప్పుడు వెళ్దాం" అనుకుంటాం. ఇంట్లో అందరి జ్వరాలకీ థర్మామీటరు పట్టుకుని తిరిగే మనం, మన మెడ దగ్గరికొచ్చేసరికి "ఏం లేదులే" అనేస్తాం.

మెడలో ఏమేముంటాయి?

మెడలో తగిలేదల్లా క్షయా కాదు, కాన్సరూ కాదు. ముందు ఆ భయం పోవాలి. భయమే దాచమంటుంది కాబట్టి, ఏది ఏమిటో కాస్త తెలుసుకుంటే సగం బరువు దిగుతుంది.

మన ఒంట్లో లింఫు గ్రంథులని వందల సంఖ్యలో చిన్న చిన్న బిళ్ళలుంటాయి. వాటిలో మెడలోనే చాలా ఉన్నాయి. ఊరి పొలిమేరలో చెక్‌పోస్టులాంటివన్నమాట. నోటి నుంచీ, ముక్కు నుంచీ, గొంతు నుంచీ, తల చర్మం నుంచీ వచ్చే క్రిముల్ని అక్కడ నిలబెట్టి ఎదుర్కొంటాయి. ఆ పోరాటంలో అవి ఉబ్బుతాయి. గొంతునొప్పి వచ్చినప్పుడు దవడ కింద నొప్పిగా బిళ్ళ కట్టేది అందుకే. పిప్పిపన్ను చీము పట్టినా అంతే. చిన్నపిల్లలకి తలలో పేలుపడి గోకి గోకి పుండ్లయితే మెడ వెనక చిన్న చిన్న బిళ్ళలు తగులుతాయి. తల శుభ్రం చేసి, పుండ్లు మాన్పితే అవే తగ్గిపోతాయి. ఇలాంటివి మామూలుగా రెండు మూడు వారాల్లో కరగడం మొదలుపెడతాయి. పిల్లల్లో బఠాణీగింజంత మెత్తటి బిళ్ళ, వేలితో కదిలిస్తే కదిలేది, కొన్ని నెలలపాటు పెరగకుండా అలాగే ఉన్నా సాధారణంగా భయపడాల్సింది ఉండదు.

చెవి ముందూ కిందా బుగ్గ ఉబ్బి, జ్వరం, నమలలేకపోవడం ఉంటే గవదబిళ్ళలు కావచ్చు. అవి లాలాజల గ్రంథుల వాపు. చర్మం కింద మెత్తగా, ఏళ్ళ తరబడి అలాగే ఉండేవి కొవ్వు గడ్డలు. కొందరికి పుట్టుకతో ఉన్న చిన్న తిత్తి పెద్దయ్యాక జలుబు చేసినప్పుడు ఉబ్బి బయటపడుతుంది. ఇవేవీ ప్రాణం మీదికి తెచ్చేవి కాకపోయినా, ఏది ఏమిటన్నది అద్దంలో చూసుకుని మనం తేల్చేది కాదు. డాక్టర్ చేత్తో చూసి చెప్పాల్సింది.

గొంతు ముందు, మింగినప్పుడల్లా పైకీ కిందికీ కదిలే గడ్డయితే అది థైరాయిడ్‌ది అయ్యుంటుంది. ఇది కూడా ఆడవాళ్ళలోనే ఎక్కువ. అద్దం ముందు నిలబడి గుక్కెడు నీళ్ళు మింగితే కదలిక తెలుస్తుంది. ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. "థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాను, నార్మల్ అని వచ్చింది, ఇంకేం భయం లేదు" అంటారు. రక్తపరీక్ష ఆ గ్రంథి సరిగ్గా పనిచేస్తోందా లేదా అన్నది చెబుతుంది. అందులో లేచిన గడ్డ మంచిదో చెడ్డదో చెప్పదు. గడ్డ తగులుతుంటే దానికి వేరే పరీక్ష ఉంది. అయితే థైరాయిడ్ గడ్డల్లో చాలా ఎక్కువ భాగం హాని లేనివే.

ఉప్పు నేర్పిన పాఠం

థైరాయిడ్ మాట వచ్చింది కాబట్టి మనం గర్వపడాల్సిన సంగతి ఒకటి చెప్పాలి. ఒకప్పుడు హిమాలయాల దిగువన ఊళ్ళకి ఊళ్ళు గొంతు వాపుతో ఉండేవి. నేలలో, నీటిలో అయోడిన్ లేకపోవడమే కారణం. 1956లో కాంగ్రా లోయలో ఉప్పులో అయోడిన్ కలిపి జనానికిచ్చి, గొంతు వాపులు తగ్గుతాయని రుజువు చేసిన బృందానికి నాయకుడు డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. మన శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివినాయన. 1962లో దేశం గాయిటర్ నివారణ కార్యక్రమం చేపట్టింది. అయోడిన్ లేని ఉప్పుని తినడానికి అమ్మకూడదన్న నిషేధాన్ని 2000లో ఎత్తేసి, 2006లో మళ్ళీ తెచ్చారు.

ఇందులో మనం గమనించాల్సిందేమిటంటే, గొంతు వాపుని అప్పుడు ఎవరి తలరాతగానో వదిలెయ్యలేదు. ఊరూరా తిరిగి మెడలు తడిమి లెక్కపెట్టారు. కారణం వెతికారు. వంటింటి డబ్బాలో మందు పెట్టారు. మెడ తడిమి చూడడమనే పాత పనికి ఎంత బలముందో అప్పుడే తెలిసింది. ఈమధ్య ఖరీదైన రంగురంగుల ఉప్పులు వంటిళ్ళలోకి వస్తున్నాయి. ఏ ఉప్పైనా సరే, ప్యాకెట్ మీద అయోడిన్ కలిపినట్టు రాసుందో లేదో చూసి కొనండి.

ప్యాకేజీల మోజు

ఇక్కడ ఇంకో వైపు కూడా చూడాలి. ఒకపక్క తగిలే గడ్డని కూడా చూపించుకోని ఆడపిల్ల. ఇంకోపక్క ఏ గడ్డా లేకపోయినా మెడకి స్కానింగ్ తీయించుకునే వాళ్ళు. పట్టణాల్లో పండగ డిస్కౌంట్లలాగా ఆరోగ్య ప్యాకేజీలు వచ్చేశాయి. "ఎలాగూ వచ్చాం కదా, మెడ స్కానింగ్ కూడా చేయించేద్దాం" అనుకుంటే ఏమవుతుందో దక్షిణ కొరియా చూసింది.

అక్కడ 1999లో ప్రభుత్వం కొన్ని కాన్సర్లకి పరీక్షలు మొదలుపెట్టింది. థైరాయిడ్ ఆ జాబితాలో లేదు. కానీ ఇంకొంచెం డబ్బిస్తే మెడ స్కానింగ్ కూడా చేస్తామని ఆస్పత్రులు చెప్పాయి. జనం చేయించుకున్నారు. 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ కాన్సర్ అని తేలినవాళ్ళు 15 రెట్లయ్యారు. కానీ ఆ కాన్సర్‌తో చనిపోయే వాళ్ళ సంఖ్య తగ్గలేదు. ఎందుకని? స్కానింగ్‌లో బయటపడినవి చాలావరకు జీవితాంతం లోపలే ఉండి, ఎవరికీ ఏ హానీ చెయ్యని చిన్న చిన్న చుక్కలు. వాటికోసం వేలమంది గొంతు కోయించుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది రోజూ మాత్ర మింగాల్సిన స్థితికి వచ్చారు. కొందరికి గొంతు మారింది. 2014లో అక్కడి డాక్టర్లే కొందరు ఇది తగదని బహిరంగంగా చెప్పాక ఆపరేషన్లు బాగా తగ్గాయి. ఏ లక్షణమూ లేనివాళ్ళకి థైరాయిడ్ కాన్సర్ కోసం పరీక్షలు వద్దని 2017లో అమెరికా నిపుణుల సంఘం కూడా చెప్పింది. దగ్గరి బంధువుల్లో ఎవరికైనా థైరాయిడ్ కాన్సర్ వచ్చినా, చిన్నతనంలో మెడకి రేడియేషన్ ఇచ్చినా వాళ్ళ సంగతి వేరు.

కాబట్టి నేను చెప్పేది, అందరూ వెళ్ళి మెడలు స్కానింగ్ చేయించుకోండని కాదు. గడ్డ లేనప్పుడు వెతుక్కోవద్దు. గడ్డ తగిలినప్పుడు దాచుకోవద్దు. డబ్బున్న చోట అక్కర్లేని పరీక్షలు, లేని చోట అవసరమైన పరీక్ష కూడా లేకపోవడం - ఈ రెండూ ఒకే ఊళ్ళో, ఒక్కోసారి ఒకే వీధిలో జరుగుతున్నాయి. ఇదే నన్ను బాధపెట్టేది.

అడ్డపొగ, కిళ్ళీ, గుట్కా

మెడలో గడ్డ ఒక్కోసారి నోటిలో ఉన్న జబ్బుకి గుర్తు. నోటి కాన్సర్, గొంతు కాన్సర్ పాకినప్పుడు మొదట చేరేది మెడ గ్రంథుల్లోకే. పొగాకు మగవాళ్ళ వ్యవహారమని అనుకోకండి. మన ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టని నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు గురించి అర్ధశతాబ్దం కిందటే వైద్యులు రాశారు. ఆ వేడికి అంగిలి మీద వచ్చే కాన్సర్ గురించీ రాశారు. జర్దాకిళ్ళీ, గుట్కా, ఖైనీ పుక్కిట పెట్టుకుని పనిచేసుకునే ఆడవాళ్ళు పట్నాల్లోనూ ఉన్నారు. అమ్మమ్మ కిళ్ళీ నవ్వులాటకి తీసుకునే విషయం కాదు. రెండు వారాలైనా మానని నోటిపుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, నోరు సరిగా తెరవలేకపోవడం ఉండి, దానికి తోడు మెడలో గట్టి గడ్డ ఉంటే ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకూడదు.

ముప్పై ఏళ్ళు దాటినవాళ్ళకి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగరుతో పాటు నోటి కాన్సర్, రొమ్ము కాన్సర్, గర్భాశయ ముఖద్వార కాన్సర్‌లకి పరీక్షలు చేసే పథకం ఉంది. వెళ్ళినప్పుడు "మెడ కూడా ఒకసారి చూడండమ్మా" అని నోరు తెరిచి అడగండి. అడిగితే పోయేదేముంది?

ఎప్పుడు వెళ్ళాలి?

ఇది కత్తిరించి దాచుకోవాల్సిన భాగం.

జలుబు, గొంతునొప్పి, పంటినొప్పితో పాటు వచ్చిన బిళ్ళయితే రెండు వారాలు చూడండి. తగ్గుతుంటే సరే. రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, పెరుగుతున్నా డాక్టర్‌కి చూపించండి. ఏ జలుబూ జ్వరమూ లేకుండా లేచిన గడ్డయితే అంతకాలం కూడా ఆగనక్కర్లేదు.

నొప్పి లేదు కదా అని ధైర్యపడకండి. చూపించుకోవాల్సిన గడ్డలు చాలావరకు నొప్పి పెట్టవు. రాయిలా గట్టిగా ఉన్నా, వేలితో కదిలిస్తే కదలకుండా అతుక్కున్నట్టున్నా, సెంటీమీటరున్నర కంటే పెద్దదైనా, ఒకదాని పక్కన ఒకటి అతుక్కుని వస్తున్నా వెంటనే వెళ్ళాలి. భుజం ఎముకకి పైన, గొంతు గుంట పక్కన లేచిన గడ్డని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకూడదు. అది ఛాతీ నుంచో, పొట్ట నుంచో వచ్చే కబురు కావచ్చు.

గడ్డతో పాటు సాయంత్రం జ్వరం, రాత్రిళ్ళు బట్టలు తడిసేలా చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే క్షయా కావచ్చు, లింఫు గ్రంథుల కాన్సరూ కావచ్చు. రెంటికీ మందులున్నాయి. మూడు వారాలు దాటిన గొంతు బొంగురు, మింగుతుంటే అడ్డం పడడం కూడా లెక్కలోకి తీసుకోవాల్సినవే. నలభై దాటినవాళ్ళు, పొగాకు అలవాటున్నవాళ్ళు మరింత తొందరపడాలి.

గడ్డ గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో గబగబా ఉబ్బి జ్వరం వచ్చినా, ఊపిరాడకపోయినా, ఉమ్మి కూడా మింగలేకపోయినా, నోరు తెరుచుకోకపోయినా అర్ధరాత్రైనా సరే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

చెవి, ముక్కు, గొంతు డాక్టర్ అయితే మంచిదే. అందుబాటులో లేకపోతే దగ్గరలోని ఆరోగ్య కేంద్రం, మామూలు డాక్టర్ అయినా మొదలుపెట్టడానికి చాలు. మందులషాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవడం మాత్రం వద్దు. డాక్టర్ ఒక కోర్సు రాసినా, దానితో గడ్డ పోకపోతే "మళ్ళీ అదే వాడనా?" అని కాకుండా "పరీక్ష ఏమైనా చెయ్యాలా?" అని అడగండి. కోర్సు మీద కోర్సు వాడుతూ నెలలు పోగొట్టుకున్న వాళ్ళు చాలామంది. కొన్ని యాంటీబయాటిక్‌లు క్షయని తాత్కాలికంగా అణిచి, అసలు జబ్బు తెలియకుండా చేస్తాయి కూడా.

సూదికి భయపడకండి

డాక్టర్ గడ్డలోంచి సన్నటి సూదితో కొంచెం నమూనా తీయాలంటారు. ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు దాన్ని. రక్తం తీసే సూది కంటే లావుండదు. మత్తు అక్కర్లేదు, కుట్లుండవు, పరీక్ష అవగానే ఇంటికొచ్చి వంట చేసుకోవచ్చు. "గడ్డని సూదితో గుచ్చితే పాకిపోతుంది" అని మనవాళ్ళు గట్టిగా నమ్ముతారు. మెడ గడ్డల విషయంలో ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. పాకనిచ్చేది సూది కాదు, మనం చేసే ఆలస్యం. ముందే గడ్డని కోసి తీసేయించుకోవడం కంటే ముందు సూది పరీక్షతో అది ఏమిటో తెలుసుకోవడమే సరైన పద్ధతి.

క్షయ అనుమానం ఉంటే ఆ నమూనాలో కొంత ట్రూనాట్, సీబీనాట్ అనే పరీక్షలకి పంపించమని అడగండి. క్షయక్రిమి ఉందో లేదో, ముఖ్యమైన మందు దానిమీద పనిచేస్తుందో లేదో గంటల్లో చెప్పే పరీక్షలవి. ప్రభుత్వ క్షయ కార్యక్రమంలో ఉచితం. ఎవర్నడగాలో తెలియకపోతే 1800-11-6666 అనే ఉచిత టెలిఫోన్ నంబరుంది. కాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. కాన్సర్ ఆస్పత్రి, విశాఖపట్నంలో హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రి వంటి ప్రభుత్వరంగ సంస్థలున్నాయి.

కంచం వేరు చెయ్యకండి

మెడ గ్రంథుల క్షయ అని తేలితే మామూలుగా ఆరు నెలలు మందులు. అవీ ఉచితమే. ఊపిరితిత్తుల్లో జబ్బు లేదని ఎక్స్‌రేలో నిర్ధారించుకుంటే, మెడ బిళ్ళ వల్ల ఇంకొకరికి అంటుకుంటుందన్న భయం అక్కర్లేదు. ఆమె వండొచ్చు, పిల్లల్ని ఎత్తుకోవచ్చు, పాలివ్వొచ్చు. కంచం, గ్లాసు వేరు చెయ్యడమంత అన్యాయం లేదు. ఊపిరితిత్తుల క్షయకే, శానిటోరియంలో పెట్టకుండా ఇంట్లో ఉంచి మందులిచ్చినా రోగి కోలుకుంటాడనీ, ఇంట్లోవాళ్ళకి దానివల్ల ముప్పు పెరగదనీ 1950ల చివర్లో మద్రాసులో జరిగిన పరిశోధన ప్రపంచానికే రుజువు చేసింది. ఆ సంగతి మన పక్క రాష్ట్రంలో తేలి అరవై ఏళ్ళు దాటినా మన వంటింటి గడప దాటి లోపలికి రాలేదు!

మందులు మొదలుపెట్టాక మూత్రం నారింజరంగులో వస్తుంది. కంగారుపడక్కర్లేదు. కొందరికి మందులు వాడుతుండగానే గడ్డ కొంచెం పెరుగుతుంది, కొత్తది లేస్తుంది. చాలాసార్లు అది మందు పనిచెయ్యడం లేదని కాదు. డాక్టర్‌కి చూపించాలి గానీ మందులు ఆపకూడదు. పిల్లలు కలగకుండా మాత్రలు వాడేవాళ్ళు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. క్షయ మందుల్లో ఒకటి ఆ మాత్రల పనితనాన్ని తగ్గిస్తుంది. గర్భం వస్తే భయపడి మందులు మానెయ్యకూడదు. వెంటనే చెబితే తగిన మందులే ఇస్తారు.

పోషకాహారం కోసం 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఇచ్చేవారు. 2024 నవంబరు నుంచి దాన్ని 1000 చేశారు. నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఆ ఖాతా ఆమె పేరుతో ఉండేలా చూడండి. ఆ వెయ్యితో కొన్న గుడ్లూ, పప్పూ ఆమె కంచంలోనే పడేలా చూడండి. ఇంట్లో అందరికీ వడ్డించి చివర్లో తినే మనిషికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది మరి.

గడువులు ప్రభుత్వాలు పెడతాయి, మారుస్తాయి. దగ్గేవాళ్ళని వెతికినంత శ్రద్ధగా, దగ్గకుండా చున్నీ కప్పుకుని కూర్చున్న ఆడపిల్లని కూడా వెతకాలి. ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్త అడిగే ప్రశ్నల్లో మెడ ప్రశ్న కూడా తప్పనిసరిగా ఉండాలని మనం కోరాలి. మహిళా సంఘాల సమావేశాల్లో పొదుపు లెక్కల తర్వాత ఐదు నిమిషాలు ఈ మాటలు చెప్పుకోవచ్చు. అలాగని రోజూ మెడ తడుముకుని దిగులుపడమని కాదు. కూతురి తలకి నూనె రాసేటప్పుడో, అత్తగారికి జడ వేసేటప్పుడో మన చేతికి ఏదైనా తగిలితే "ఏం లేదులే" అనకుండా తారీఖు క్యాలెండర్ మీద రాసుకోండి. రెండు వారాల తర్వాత కూడా అది అక్కడే ఉంటే, ఎవరి సెలవు కోసమూ, ఏ పెళ్ళిచూపుల కోసమూ ఆగకుండా బయల్దేరండి.